ఎనిమిది సీళ్ల ఆంప్లిఫైయరు

జిల్లాకో రాక్ బృందం ఉండి తీరాలని ప్రభుత్వం వారికి ఎందుకు తోచిందో ఎవరూ ఇదమిత్థంగా చెప్పలేరు. పై అధికారి ఒకాయన ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లి, అక్కడి కుర్రాళ్లు జుట్టు విరబోసుకుని గిటార్లు వాయిస్తుంటే చూసి పులకించిపోయారని కొందరంటారు. అక్కడ వారం రోజులూ వాన కురవడంతో బయటికి కదల్లేక హోటలు గదిలో టీవీలో చూశారని ఇంకొందరంటారు. ఏదైతేనేం, ఆయన తిరిగొచ్చిన పదో రోజున ఉత్తర్వు వెలువడింది. యువత పెడదారి పట్టకుండా ఉండాలంటే వాళ్ల చేత గట్టిగా వాయింపించాలని దాని సారాంశం.

అందులో ఏడో పేరా ఇలా ఉంది: "ప్రతి జిల్లా బృందమునకు ఒక హై గెయిన్ వాల్వు గిటారు ఆంప్లిఫైయరు సమకూర్చవలెను. తక్కువలో తక్కువ మూడు నమూనాల టోనును పోల్చి చూచి ఉత్తమమైనదానిని ఎంపిక చేయవలెను. పోల్చకుండా ఎంపిక చేసినచో బాధ్యులపై చర్య తీసుకొనబడును."

ఈ కథ జరిగిన జిల్లాలో ఆ కాగితం ప్రత్యేకాధికారి వరాహమూర్తి గారి బల్ల మీదికి వచ్చింది. వరాహమూర్తి గారు ముప్పై ఏళ్ల సర్వీసులో దోమల నిర్మూలన, కొబ్బరి పీచు, బాలల చలనచిత్రోత్సవం, ఉప్పునీటి రొయ్య, ఏది అప్పగించినా ఒకే తీరుగా నిర్వహించిన మనిషి. ఆయన ఉత్తర్వును రెండుసార్లు చదివి, "టోను అనగానేమి? వివరింపుడు" అని పక్కన రాసి కిందికి పంపారు. కింది వాళ్లు "పరిశీలించి సమర్పించగలము" అని రాసి పైకి పంపారు. కాగితం అలా నాలుగుసార్లు మెట్లెక్కి దిగాక ఎవరో, "వాల్వుల సంగతి తెలిసినవాడు ఊళ్లో సువర్ణరాజొక్కడే" అన్నారు.

మట్టా సువర్ణరాజుకు యాభై ఎనిమిదేళ్లు. గడియార స్తంభం పక్క సందులో 'సువర్ణ రేడియో సర్వీస్' అతనిదే. పాత రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లొచ్చాయి, అవి పోయి టేపు రికార్డర్లొచ్చాయి, అవీ పోయి అన్నీ సెల్‌ఫోన్లోకి దూరాయి. అతను మాత్రం గాజు వాల్వుల దగ్గరే ఆగిపోయాడు. స్విచ్చి వేయగానే వాటిలో సన్నటి తీగ నారింజ రంగులో నెమ్మదిగా వెలుగుతుంటే, ఎన్ని వేలసార్లు చూసినా అతనికి కడుపు నిండినట్టుండేది.

భార్య పోయాక అతనికి మిగిలింది కూతురు కెజియా, ఆ పిల్ల కోసం అతను చేసిన పెట్టె. కెజియా ఏడో తరగతిలో చర్చి క్వయర్లో గిటారు పట్టింది. కీర్తనలకు బుద్ధిగానే వాయించేది గానీ, ఇంటికొస్తే గోడలు దద్దరిల్లాలని దాని కోరిక. సువర్ణరాజు మూతపడ్డ సినిమా హాలు నుంచి ఒక ట్రాన్స్‌ఫార్మరు తెచ్చాడు, పాత టేకు తలుపు కోయించాడు, రెండేళ్లు వేళ్లు కాల్చుకుని ఆంప్లిఫైయరు తయారుచేశాడు. మొదటి వాల్వుకు మోయలేనంత బలం ఇస్తే అది తట్టుకోలేక స్వరాన్ని చీలుస్తుంది, ఆ చీలినదాన్ని రెండోది అందుకుని ఇంకా చీలుస్తుంది. చివరికి గరుకుగా, దళసరిగా, గుండెలో గుద్దినట్టుగా బయటికొస్తుంది. హై గెయిన్ అంటే అదే, ఆ పలికే తీరే టోను. రాక్ సంగీతం వాయించేవాళ్లు ఆ గరుకు కోసం పడి చస్తారు.

ఇప్పుడు కెజియాకు ఇరవై మూడు. విశాఖపట్నంలో గిటారు పోటీకి పంపిన రికార్డింగు నెగ్గి ఫైనల్లోకి వచ్చింది. ఫైనలు పై ఆదివారం. ఎవరి ఆంప్లిఫైయరు వాళ్లే తెచ్చుకోవాలని అక్కడి నియమం.

సరిగ్గా అప్పుడే సువర్ణరాజును పిలిపించారు.

"మిమ్మల్ని టోను పోలిక కమిటీకి విషయ నిపుణుడిగా నియమిస్తున్నాం," అన్నారు వరాహమూర్తి గారు. "హైదరాబాదు నుంచి రెండు నమూనాలొచ్చాయి. ఉత్తర్వులో మూడన్నారు. మూడోది మీ దగ్గరుందని సమాచారం."

"అది మా అమ్మాయిదండీ. అమ్మేది కాదు."

"అమ్మమని ఎవరన్నారు? పోలికకి కూర్చోబెడతాం, అంతే. మూడు రోజుల్లో మీ పెట్టె మీ ఇంట్లో ఉంటుంది."

"నిపుణుణ్ణీ నేనే, పెట్టె కూడా నాదే. తప్పు కాదాండీ?"

వరాహమూర్తి గారు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "నిపుణుడైన సువర్ణరాజు గారు ఇంటి చిరునామాలో ఉంటారు. సరఫరాదారైన సువర్ణరాజు గారు దుకాణం చిరునామాలో ఉంటారు. ఇద్దరికీ వేర్వేరు ఉత్తరాలు వస్తాయి. మీరిద్దరూ ఈ విషయం ఒకరితో ఒకరు చర్చించుకోకూడదు. అది ఒక్కటీ గుర్తుపెట్టుకోండి."

సువర్ణరాజు ఇల్లూ దుకాణమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. మర్నాడు పోస్టుమాన్ రెండు ఉత్తరాలూ దుకాణం అరుగు మీదే ఇచ్చాడు. సువర్ణరాజు రెండు సంతకాలు పెట్టాడు. అనుమానం రాకుండా రెండోది కాస్త వంకరగా పెట్టాడు.

"మూడు రోజులే కదా నాన్నా?" అంది కెజియా.

"మూడే రోజులమ్మా. అంత పెద్దమనిషి నోటితో అన్నాడు."

"నాబులు ఎవర్నీ ముట్టుకోనివ్వకు. గెయిన్ ఎనిమిది మీద పెట్టి ఉంచాను. అది దొరకడానికి నాకు ఆర్నెల్లు పట్టింది."

ఆ విషయంలో కెజియా బెంగపెట్టుకోవలసిన పనే లేకపోయింది. ఎందుకంటే స్టోర్సు సూపరింటెండెంటు తాయారమ్మ గారు ఉన్నారు.

తాయారమ్మ గారికి లక్క అంటే ప్రాణం. ప్రభుత్వానికి వచ్చిన ఏ నమూనానైనా తెల్ల గుడ్డలో పెట్టి కుట్టి, కుట్టు మీద లక్క కరిగించి పోసి, రాగి ముద్ర కొట్టడం ఆవిడ పని. యూనిఫారం గుడ్డ దగ్గర్నుంచి పాల పొడి దాకా ఆవిడ ముద్ర పడకుండా జిల్లాలో ఏదీ నాణ్యమైనదని అనిపించుకోలేదు. మూడు ఆంప్లిఫైయర్లనూ ఆవిడ గుడ్డల్లో కుట్టేశారు. కరెంటు తీగకో కన్నం, గిటారు తీగకో కన్నం వదిలారు. నాబులున్న చోట కూడా గుడ్డ బిగించి కుట్టారు. ఒక్కోదానికి ఎనిమిది సీళ్లు వేశారు.

"నాబులు తిప్పితేనే గదండీ మోగేది?" అన్నాడు సువర్ణరాజు.

"దాఖలు చేసినప్పుడు ఎలా ఉందో అలాగే పరీక్షించాలండీ," అన్నారు తాయారమ్మ గారు. "తిప్పారంటే అది వేరే నమూనా అయిపోతుంది. పదిహేనేళ్లుగా ఈ సీటులో ఉన్నాను. నా సీలు పగిలిందన్న మాట పడలేదు."

"హైదరాబాదువి రెండూ ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చాయండీ. వాటి నాబులన్నీ సున్నా మీదున్నాయి. అవసలు మోగవు."

"మోగకపోవడం కూడా ఒక ఫలితమే," అన్నారు వరాహమూర్తి గారు, ఫైలులోంచి తలెత్తకుండా.

ఆ ఫైలులో ఆయన చూస్తున్నది ప్రమాణాల పట్టిక. గిటారు ఆంప్లిఫైయర్లకు ప్రభుత్వం వారి దగ్గర ప్రమాణాలు లేవు. సభలకు మైకుసెట్లు కొనేటప్పుడు వాడే పాత పట్టిక ఉంటే అదే తీశారు. అందులో మొదటి షరతు, ధ్వనిలో వికృతి, అంటే స్వరం చీలడం, ఒక శాతానికి మించరాదని.

సువర్ణరాజు కంగారుపడ్డాడు. "ఆ వికృతి కోసమే గదండీ ఈ పెట్టె కొనేది! స్వరం చీలకపోతే ఇది ఆ ఆంప్లిఫైయరే కాదు. మజ్జిగ పులుసుకి పులిసిన మజ్జిగే కావాలి కదండీ? ఇదీ అంతే."

తాయారమ్మ గారు అప్రయత్నంగా తలూపారు. వరాహమూర్తి గారు ఊపలేదు. "మీ ఇంట్లో మీరు పులిసింది కొనుక్కోవచ్చు. ప్రభుత్వం పులిసింది కొన్నట్టు ఫైలులో రాయలేం. వికృతి ఎంత తక్కువైతే అన్ని మార్కులు."

సరే, వాళ్ల తిప్పలు వాళ్లే పడతారనుకుని సువర్ణరాజు ఊరుకున్నాడు. బయటికి వస్తూ మాటవరసకి తాయారమ్మ గారిని అడిగాడు. "ఈ పోలిక అయిపోగానే పెట్టెలు ఇచ్చేస్తారు కదండీ?"

"ఎంపిక కానివి ఆ సాయంత్రమే వాపసండీ."

"ఎంపికైంది?"

"అది శాశ్వతంగా మా దగ్గరే ఉంటుంది. తర్వాత వచ్చే సరుకుని దానితో సరిచూడాలి గదా." ఆవిడ గర్వంగా అద్దాల బీరువా చూపించారు. అందులో సీలు చెక్కుచెదరకుండా ఒక బకెట్టు ఉంది. "అది ఎనభై ఏడులో ఎంపికైంది. అప్పట్నుంచీ ఒక్క చుక్క నీళ్లు ఎరగదు."

సువర్ణరాజు ఆ బకెట్టు వంకే చూస్తూ లెక్కేసుకున్నాడు. మూడింటిలో మోగేది తనదొక్కటే. పొరపాటున ఎవరికైనా చెవులుండి అది బాగుందన్నారంటే, కెజియా ఆంప్లిఫైయరు ఆ బకెట్టు పక్కన కూర్చుంటుంది. తన పెట్టె ఎలాగైనా ఓడిపోవాలి. అతను జీవితంలో మొదటిసారి ఒక మూర్ఖపు పట్టికను మనసారా దీవించాడు.

బుధవారం పదకొండింటికి పరీక్ష మొదలైంది. కమిటీలో వరాహమూర్తి గారు, తాయారమ్మ గారు, సువర్ణరాజు కాక నాలుగో మనిషి తూనికలు కొలతల ఇన్స్పెక్టరు మస్తాన్ గారు. ధ్వని అనేది కొలిచేది గనక కొలతల శాఖ వారుండాలని ఆయన్ని వేశారు. తన దగ్గర ధ్వనిని కొలిచే పరికరం లేదని ఆయన విన్నవించుకున్నారు. ఉన్న పరికరంతోనే కొలవమన్నారు. అందుచేత ఆయన మూడు పెట్టెలనూ మోగించక ముందొకసారి, మోగించాక ఒకసారి తూచి, బరువులో తేడా లేదని రాయడానికి కాటా తెచ్చుకుని కూర్చున్నారు.

సువర్ణరాజు ఒకటో నంబరు పెట్టెకు గిటారు తగిలించి తీగలన్నీ ఒక్కసారి మీటాడు. ఏమీ వినబడలేదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. కమిటీ కళ్లు మూసుకుని విన్నది.

"చాలా స్వచ్ఛంగా ఉంది," అన్నారు వరాహమూర్తి గారు. "వికృతి బొత్తిగా లేదు. నూటికి నూరు."

రెండో నంబరూ అంతే మౌనంగా ఉంది. వరాహమూర్తి గారు తల పక్కకు వంచి చాలాసేపు విన్నారు. "దీనిది మొదటిదాని కన్నా కొంచెం లోతుగా ఉన్నట్టు లేదూ?" అన్నారు. తాయారమ్మ గారు మళ్లీ వినిపించమన్నారు. మళ్లీ విన్నాక లోతు సమానమేనని తేల్చారు. దీనికీ నూరే వేశారు.

సువర్ణరాజు మూడో నంబరుకు గిటారు తగిలించాడు. గెయిన్ ఎనిమిది మీదుందని అతనికి తెలుసు. మీటాడు.

వెంటిలేటర్లో కాపురముంటున్న పావురాలు నాలుగూ ఒకేసారి లేచిపోయాయి. టీ గ్లాసులు బల్ల మీద రెండంగుళాలు నడిచాయి. పక్క గదిలో సంతకాలు చేస్తున్న గుమాస్తాలు సంతకాలాపి లేచి నిలబడ్డారు. స్వరం హాలు నిండా పరుచుకుని, గోడల్ని తాకి, ఎంతసేపటికీ చావకుండా పాకుతూ పోయింది. తాయారమ్మ గారు చెవులు మూసుకున్నారు. మూసుకున్న చేతులు కాసేపటికి వాటంతటవే కిందికి దిగాయి. మస్తాన్ గారు కాటా సంగతే మర్చిపోయారు.

సువర్ణరాజు ఛాతీ పొంగింది. వెంటనే బకెట్టు గుర్తొచ్చి ఆ పొంగునంతా మింగేశాడు.

"ఇది పాడైపోయినట్టుందే?" అన్నారు వరాహమూర్తి గారు.

"అవునండీ," అన్నాడు సువర్ణరాజు. "బాగా పాడైపోయిందండీ. పనికిరాదు."

"నిపుణుల అభిప్రాయం రాతపూర్వకంగా ఉండాలి."

కాగితం ముందు పెట్టారు. రెండేళ్లు వేళ్లు కాల్చుకుని చేసినదాని గురించి అతను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి రాశాడు: "మూడవ నంబరు పెట్టె టోను ఈ జిల్లాలోకెల్లా చెడ్డది. ఇంతకన్న చెడ్డది మరొకటి ఉండదు." సంతకం పెడుతుంటే అతని ప్రాణానికి కన్నపిల్లను పట్టుకుని నాది కాదని చెప్పినట్టయింది. కానీ సాయంత్రానికి పెట్టె ఇల్లు చేరుతుంది కదా అని గుండె దిటవు చేసుకున్నాడు.

మూడో నంబరుకు సున్నా వచ్చింది. సువర్ణరాజు రిక్షా మాట్లాడడానికి లేవబోతుంటే వరాహమూర్తి గారు చెయ్యెత్తి ఆపారు.

"ఒక చిక్కు ఉంది. ఒకటీ రెండూ సమానంగా ఉన్నాయి. సమానమైనవాటిని పోల్చాం అంటే ఆడిట్ వారు ఒప్పుకోరు. తేడా చూపించాలి."

గదిలో అందరూ తేడా కోసం వెతికారు. మస్తాన్ గారు రెండోది ముప్పావు కేజీ బరువెక్కువని చెప్పి చూశారు, అది టోను కిందికి రాదన్నారు. పావుగంటకు వరాహమూర్తి గారి ముఖం వికసించింది.

"తేడా మూడోదానిలో ఉంది! మూడోదానితో పోల్చగా ఒకటీ రెండూ ఉత్తమములని తేలినది. రెండూ ఎంపిక చేస్తాం. దేనితో పోల్చారని ఎవరైనా అడిగితే చూపించడానికి మూడోది మన దగ్గరుండాలి. ఇంత చెడ్డది మళ్లీ దొరకదని నిపుణులే రాసిచ్చారు. ఈ ఫైలుకంతటికీ అదే వెన్నెముక."

అలా అక్కడికక్కడే ఆ పెట్టెకు 'చెడ్డ టోనుకు ప్రమాణ నమూనా' అన్న హోదా ఇచ్చారు.

సువర్ణరాజు తాయారమ్మ గారి వైపు తిరిగాడు. "అమ్మగారూ! ఎంపిక కానివి సాయంత్రానికి వాపసన్నారు గదండీ!"

"మామూలుగా తిరస్కరించినవి వాపసేనండీ," అన్నారావిడ ఇబ్బందిపడుతూ. "ఇది ప్రత్యేకంగా తిరస్కరించింది."

ఇంటికి ఖాళీ చేతులతో వచ్చాడు. కెజియా అతని జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం లాగి చదివింది. అతను రాసిచ్చిన అభిప్రాయానికి ఆఫీసు వాళ్లిచ్చిన నకలు అది.

"నువ్వే రాశావా నాన్నా?"

"నేనే రాశానమ్మా. ఓడిపోతే ఇచ్చేస్తారని రాశాను."

"ఎంత బాగా రాశావంటే, నిజమేనేమో అనిపిస్తోంది."

కూతురు కోప్పడి ఉంటే బాగుండేది. ఆ పిల్ల కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టి, "పోనీలే నాన్నా, క్వయర్లో వాడే చిన్న పెట్టె పట్టుకెళ్తాను" అంది. కీర్తనలకు వాడే, స్వరం చీల్చలేని ఆ పెట్టె మీద కెజియా వాయించేది వాయించడమంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సువర్ణరాజు ఆ పూట అన్నం ముట్టలేదు.

గురువారం మధ్యాహ్నం మస్తాన్ గారు దుకాణానికి వచ్చారు. బాగుచేయించడానికి ఏమీ తేలేదు. స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ గోడతో మాట్లాడుతున్నట్టుగా మొదలెట్టారు.

"మా ఆఫీసులో ప్రమాణ తూనికరాళ్లుంటాయి రాజు గారూ. ఊళ్లో రాళ్లన్నిటినీ వాటితోనే సరిచూస్తాం. అలాగని వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి ఊరుకోం. అరిగిపోయాయేమో, మారిపోయాయేమో అని ఎప్పటికప్పుడు బయటికి పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తాం. ప్రమాణమన్నాక అది మారలేదని రుజువుండాలి. లేకపోతే మా ఫైలు నిలవదు." గ్లాసు కింద పెట్టి లేచారు. "నేను మీకేమీ చెప్పలేదు. టీ బాగుంది."

సువర్ణరాజు గ్రాంథికం బాగా తెలిసిన పాస్టరు గారి దగ్గరికి ఒక్క పరుగున వెళ్లాడు. ఇద్దరూ కూర్చుని రాశారు.

"అయ్యా! వాడుకలో లేని వాల్వులు క్రమక్రమముగా చల్లారి శాంతించునని మనవి. తత్ఫలితముగా ప్రమాణ నమూనాలోని చెడు సన్నగిల్లి, అది మంచిదిగా మారిపోవు ప్రమాదము కలదు. అట్లు జరిగినచో ఎంపికైన నమూనాలను దేనితోనూ పోల్చుటకు వీలుండదు. కావున ఇట్టి చెడును కాపాడుటకు, తగిన శిక్షణ గల వ్యక్తిచే తరచుగా వాయింపించి, వీలైనంత ఎక్కువ మంది సమక్షమున చెడు చెడుగానే యున్నదని నిర్ధారించుకొనుట తక్షణావసరము. ఆదివారమున విశాఖపట్టణమందు సుమారు వేయి మంది చెవులు ఒకేచోట లభ్యమగుచున్నవి."

వరాహమూర్తి గారు అది చదివి తెల్లబోయారు. "మంచిదైపోతుందా? ఎన్నాళ్లలో?"

"చెప్పలేమండీ. వాతావరణం బట్టి."

శుక్రవారం ఉత్తర్వు వచ్చింది. కుమారి మట్టా కెజియాను 'చెడు ధ్వని సంరక్షకురాలు, తాత్కాలికం' అనే పోస్టులో నియమించారు. నమూనాను విశాఖ తీసుకెళ్లి, వాయించి, చెడు నిర్ధారించుకుని సోమవారం అప్పగించాలి. సీళ్లు మాత్రం పగలకూడదు. సీళ్ల బాధ్యత స్టోర్సు వారిది గనక, వాటి వెంట తాయారమ్మ గారు వెళ్లాలి.

ఆదివారం పొద్దున్నే వ్యానులో ముందు సీటులో తాయారమ్మ గారు రాగి ముద్ర ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వెనక తెల్ల గుడ్డలో పెట్టె, దాని చెరోపక్కా తండ్రీ కూతుళ్లు. తుని దాటాక తాయారమ్మ గారు వెనక్కి తిరిగి, "పొద్దున్న ఏమైనా తిన్నావా అమ్మా?" అని పులిహోర డబ్బా అందించారు.

పోటీలో ఒక్కొక్కరూ స్టేజి ఎక్కి పావుగంట సేపు నాబులు తిప్పుకుంటున్నారు. కాస్త పెంచడం, కాస్త తగ్గించడం, మొహం చిట్లించడం, మళ్లీ మొదటికి రావడం. కెజియాకు ఆ అవకాశం లేదు. నాబులన్నీ గుడ్డ కింద, లక్క కింద ఉన్నాయి. ఈ గుడ్డ ఏమిటని న్యాయనిర్ణేతలు అడిగారు. "గవర్నమెంటు వారి నమూనా అండీ," అంది. వాళ్లకేమీ అర్థం కాలేదు, కానీ గవర్నమెంటు అనేసరికి ఇంకేమీ అడగలేదు.

వాయించడం మొదలుపెట్టింది.

ఆర్నెల్లు వెతికి పట్టుకున్న ఆ ఎనిమిది మీద స్వరం ఎలా చీలాలో అలాగే చీలింది. సముద్రపు గాలికి ఎగురుతున్న స్టేజి తెరలు కూడా దాని ముందు చిన్నబోయాయి. సువర్ణరాజు తెర పక్కన నిలబడి చేతులు జోడించుకున్నాడు. జిల్లాలోకెల్లా చెడ్డదని తను రాసిన మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

అయిదు నిమిషాలు గడిచేసరికి ఇంకోటి జరిగింది. వాల్వులు ఎర్రగా కాగాయి. ఆ వేడి పైకి ఎగదన్నింది. పైన గుడ్డ మీదున్న లక్క మెత్తబడి, సాగి, ఎర్రటి ధారగా తెల్ల గుడ్డ మీదుగా దిగింది. ఒకటి, తర్వాత ఇంకొకటి. వాయించడం ముగిసేసరికి పై కుట్టు ఊడి, గుడ్డ ఒక పక్కకు జారి, టేకు చెక్క బయటపడింది.

సువర్ణరాజు భయం భయంగా తాయారమ్మ గారి వంక చూశాడు. పదిహేనేళ్ల పరువు కళ్లెదుట కారిపోతుంటే ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు. కళ్లలో నీళ్లున్నాయి. అవి సీళ్ల కోసం కాదని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"మేడమ్, సీళ్లు పగిలిపోయాయి," అంది కెజియా దిగి వచ్చి, తప్పు చేసినదానిలా.

"పగల్లేదమ్మా, కరిగాయి," అన్నారావిడ కళ్లొత్తుకుంటూ. "పగిలితే నేను రిపోర్టు రాయాలి. కరిగితే రాయడానికి రిజిస్టరులో గడి లేదు."

కెజియాకు పోటీలో రెండో స్థానం వచ్చింది. 'ఉత్తమ టోను' బహుమతి మాత్రం ఎవరికీ అనుమానం లేకుండా ఆ పిల్లకే ఇచ్చారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఫోటోలో గిటారు సగమే పడింది గానీ, లక్క కారిన పెట్టె మొత్తం పడింది.

అదే ఆదివారం మన జిల్లాలోనూ రాక్ బృందం ప్రారంభోత్సవం జరిగింది. ఒకటీ రెండూ నంబర్ల పెట్టెల్ని ఎనిమిదేసి సీళ్లతో వేదిక మీద పెట్టారు. బృందం వారు చెమటలు కక్కుతూ వాయించారు. ఏమీ వినబడలేదు. ముఖ్య అతిథి గారు మాట్లాడుతూ, రాక్ సంగీతమంటే గోల అనే దురభిప్రాయం ఈనాటితో తనకు తొలగిపోయిందని, ఇంత ప్రశాంతమైన సంగీతాన్ని మండలాలకు కూడా విస్తరించాలని కోరారు. సభికులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లొక్కటే బాగా వినబడ్డాయి.

సోమవారం పెట్టె అప్పగించడానికి బయల్దేరుతుంటే సువర్ణరాజుకు సంజాయిషీ నోటీసు అందింది. "చెడ్డ టోనుకు ప్రమాణ నమూనాగా తమకు అప్పగింపబడిన పెట్టె ఉత్తమ టోను బహుమతి పొందినట్లు పత్రికల ద్వారా తెలియవచ్చినది. కాపాడవలసిన చెడు ఎచ్చట, ఎవరి నిర్లక్ష్యము వలన నశించినది? సదరు నమూనా హోదా ఎందుకు రద్దు చేయరాదో తెలుపుడు."

రద్దు చేస్తే పెట్టె ఇంట్లోనే ఉంటుంది. సువర్ణరాజు ఈసారి పాస్టరు గారి దగ్గరికి వెళ్లలేదు. తన మాటల్లోనే రాశాడు. "చెడుని కాపాడమని ఇస్తే కాపాడలేకపోయామండి. మా అమ్మాయి చేతిలో పడి అది బాగుపడిపోయింది. తప్పంతా మాదే. రద్దు చేసుకోండి." అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ పెన్ను ఆగలేదు. ఇంకో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు.

వారానికి పోస్టుమాన్ మళ్లీ రెండు ఉత్తరాలు తెచ్చాడు. ఇంటి చిరునామాకు వచ్చినదానిలో, నిపుణుల జాబితా నుంచి సువర్ణరాజును శాశ్వతంగా తొలగించారు. దుకాణం చిరునామాకు వచ్చినదానిలో, నమూనా మంచిదైపోయినందున ప్రభుత్వానికి నిరుపయోగమని తేలి సరఫరాదారుకు తిరిగి ఇచ్చేశారు. ఈసారి సువర్ణరాజు రెండు సంతకాలూ తిన్నగానే పెట్టాడు.

రెండో ఉత్తరానికి అతని జవాబు నకలు జతచేసి ఉంది. చివరి రెండు వాక్యాలూ విషయానికి సంబంధం లేనివని వరాహమూర్తి గారు ఎర్ర సిరాతో కొట్టేశారు. కెజియా ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. గీత కింద అక్షరాలు స్పష్టంగానే కనబడుతున్నాయి.

"ఆ పెట్టె మొదట్నుంచీ మంచిదేనండి. చెడ్డదని నేను రాసిన మాటొక్కటే అబద్ధం."

ఆ పిల్ల పెట్టె వెనక చెక్క విప్పి, కాగితాన్ని లోపలి వైపు అంటించింది. అంటించడానికి జిగురు వెతుక్కోనక్కర్లేకపోయింది. టేకు మీద కారి గట్టిపడిన లక్క కావలసినంత ఉంది, కాస్త వేడి చేసింది. తర్వాత చెక్క బిగించి, స్విచ్చి వేసి, వాల్వులు వెలిగేదాకా ఆగింది. తండ్రి గోడకు అవతల దుకాణంలో కూర్చుని వింటున్నాడని తెలిసి, నాబు ఎనిమిది దాటించి తొమ్మిది మీద పెట్టింది.